ఏ సెక్షన్ ప్రకారం?

గవర్నర్ ఆఫీసు నుంచి ఏ ఉత్తర్వు వచ్చినా డోరీన్ సంతకం చూడదు. ఎర్ర పెన్ను పళ్ల మధ్య బిగించి, ఏ సెక్షన్ ప్రకారం ఇచ్చారో వెతుకుతుంది. పత్రిక డెస్కులో ఇరవై ఏళ్లుగా అదే పని, అదే చిరాకు. ఆ రోజు రిపోర్టరు కీగన్ "గవర్నర్ నదుల బోర్డును రద్దు చేశారు" అని రాసుకొచ్చాడు.

"చట్టసభ పెట్టిన బోర్డును ఈయనొక్కడే ఎలా రద్దు చేస్తాడోయ్?"

"ఆయన సెక్రటరీయే చెప్పాడుగా."

"అయితే జీతం కూడా అతన్నే అడుగు. ఇది ఇలాగే అచ్చయితే రేపు ఆ బోర్డు ఉద్యోగులు ముప్పైమంది పనిలోకి రారు."

"చాదస్తం," అని గొణిగాడు కీగన్. ఆమె విననట్టే "రద్దు చేశారు" కొట్టేసి, "రద్దు చేశానంటున్నారు, ఆ అధికారం చట్టసభది" అని దిద్దింది. మర్నాడు బోర్డు గేటు దగ్గర గార్డు అడ్డుపడితే, ఉద్యోగులు పత్రికలో ఆ వాక్యమే చూపించి లోపలికి నడిచారు.