నాయనమ్మ ముడి వేసిన నీళ్ళ గొట్టం

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున కారు బానెట్ ఎత్తి తల దూర్చిన మా బాబాయి, మధ్యాహ్నమైనా అక్కడినుంచి కదల్లేదు. కాసేపు పటమటలో మా ఇంటి ముందు అటూ ఇటూ తిరగడం, మళ్ళీ వచ్చి బానెట్ ఎత్తడం, దించడం... చూసేవాళ్ళకే కాళ్ళు లాగాయి.

అది గవర్నర్‌పేటలో మా బట్టల కొట్టు పనికోసం నాన్న కొన్న పాత నల్ల కారు. ముందద్దం మీద నీళ్ళు చిమ్మడానికి బానెట్ కింద ఓ ప్లాస్టిక్ డబ్బా, దాన్నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఉండేవి. స్టీరింగ్ పక్కన మీట నొక్కితే అద్దం మీద నీళ్ళు పడాలి. ఆ గొట్టం కాస్తా పగిలింది. నీళ్ళు అద్దం మీదికి వెళ్ళడం మానేసి, కారు కింద బొటబొటా కారిపోతున్నాయి...

ఇంతకీ ప్రయాణం బాబాయి అత్తగారి ఊరు కంకిపాడుకి. పిన్నిని తీసుకురావడానికి.

పిన్ని అలిగి పుట్టింటికి వెళ్ళిందని ఇంట్లో అందరూ అనేవారు. అది అలక కాదు, అవమానం. మాది నేత కుటుంబం. కొట్టు పెట్టుకున్నాక కూడా నాయనమ్మ వెనక వసారాలో ఒక మగ్గం ఉంచుకుంది. పిన్ని వాళ్ళింట్లో బట్టలు అమ్మడమే తప్ప నేయడం తెలీదు. పాపం, నేర్చుకుంటూనే ఉండేది... మగ్గం మీద తెగిన పోగు తను అతికితే కాసేపటికే ఊడిపోయేది. ఒకరోజు చుట్టాలందరి ముందూ నాయనమ్మ అనేసింది, "పోగు అతకడం చేతకాని పిల్ల, ఇంక కాపురమేం అతుకుతుంది" అని. మర్నాడే పిన్ని బస్సెక్కేసింది.

ఎన్ని కబుర్లు పంపినా రానంది. చివరికి వాళ్ళ నాన్నగారే, ఈ ఆదివారం అల్లుడుగారు స్వయంగా వచ్చి పిలవకపోతే ఇక మా అమ్మాయిని మరిచిపొమ్మని చెప్పించారు.

ఆ మాట విన్నప్పటినుంచి ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. అమ్మ ఊడ్చిన గదే మళ్ళీ ఊడుస్తోంది. నాకేమో జడల బెంగ... రోజూ పిన్నే వేసేది. అమ్మ వేస్తే ఒకటి చెవి మీదికి, ఇంకోటి భుజం మీదికి వచ్చేవి. ఆ వంకర జడలతో గుమ్మంలో నిలబడి, ఎప్పుడు బయల్దేరతాం అని బాబాయి ప్రాణం తోడేశాను.

బాబాయి సైకిల్ ట్యూబు ముక్క కోసి చుట్టాడు... కారింది. మైనం పూశాడు... ఇంజను వేడికి కరిగిపోయింది. ఆ నీళ్ళు లేకపోతే కారు నడవదా, వెళ్ళవయ్యా అని అమ్మ పోరింది. వానలకి బందరు రోడ్డంతా బురద, ముందు లారీ వెళ్తే అద్దంలోంచి దారి కనపడదు వదినా అన్నాడు. నిజమే అనుకోండి. కానీ ఆయన భయం బురద గురించి కాదు. అక్కడికెళ్ళి పిన్నితో ఏం మాట్లాడాలో తెలీక ఆ గొట్టం పట్టుకుని వేలాడుతున్నాడు. చిన్నపిల్లని, నాకే అర్థమైపోయింది.

చివరికి ఎలాగో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను ఎగిరి పక్క సీట్లో పడ్డాను. అంతలో నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది. కారు కింద మడుగు చూసింది.

"ఒరేయ్, గుమ్మం ముందే నీళ్ళొదులుతోందిరా అది. పెళ్ళాం కోసం వెళ్తూ నీళ్ళొదులుకుంటావా?"

ఆ మాటతో బాబాయి ఇంజను ఆపేశాడు. దిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"నువ్వన్న మాటకే కదమ్మా తను వెళ్ళింది. ఇప్పుడు మళ్ళీ ఇంకో మాటా?"

బాబాయి ఎప్పుడూ నాయనమ్మకి ఎదురు చెప్పినవాడు కాదు. నాయనమ్మ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది, ఇక పిన్ని రాదు అనుకుని ఏడుపు లంకించుకున్నాను.

కాసేపటికి నాయనమ్మ ఎర్ర నూలు ఉండ, గిన్నెలో గంజి పట్టుకుని వచ్చింది. దసరాకి బొట్టు పెట్టడానికి తప్ప ఆవిడ ఆ కారు ముట్టుకున్నది లేదు. బాబాయి చుట్టిన ట్యూబు ముక్క మీదుగా, గంజిలో ముంచిన నూలుని ఒక్కో వరసా ఆనించి బిగించి చుట్టింది. చివర మగ్గం మీద వేసే ముడి వేసింది.

"తడిసేకొద్దీ నూలు బిగుస్తుంది. వెళ్ళి పిల్లని తీసుకురా," అంది. మా మొహాలు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

దారంతా లారీలు బురద చిమ్మాయి. బాబాయి మీట నొక్కగానే అద్దం మీద నీళ్ళు పడ్డాయి... నేను చప్పట్లు కొట్టాను.

కంకిపాడులో మళ్ళీ మొదలు. లోపలికి వెళ్ళి మాట్లాడాల్సిన మనిషి వీధిలోనే బానెట్ ఎత్తి నిలబడ్డాడు. డబ్బాలో పోయడానికి పిన్నే చెంబుతో నీళ్ళు తెచ్చింది. పోస్తూ పోస్తూ ఆగిపోయింది.

"ఈ ముడి అత్తయ్యగారిదేనా?"

బాబాయి తలూపాడు. ఆయన చెప్పింది అంతే. పిన్ని ఆ ముడిని వేలితో తడిమి చూసింది. లోపలికి వెళ్ళి, సంచీతో తిరిగొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలోనే ఉంది. పిన్నిని చూడలేక కారు కిందికి చూసింది.

"కారట్లేదుగా?"

"లేదండీ అత్తయ్యగారూ. అతుకు గట్టిగానే ఉంది."

నాయనమ్మ ముందుకొచ్చి పిన్ని చేతిలో సంచీ అందుకుంది.

మొన్న నా కారులో అద్దం మీద నీళ్ళు రాలేదు. షెడ్డులో గొట్టం మొత్తం పీకేసి కొత్తది వేశారు, నేను టీ తాగి వచ్చేలోపు... మంచిదే. కానీ ఆ పాత గొట్టం చేతిలోకి తీసుకుంటే ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు మనం గొట్టాన్నే కాదు, మనుషుల్నీ అతుకు వేసి చూసే ఓపిక లేనివాళ్ళం అయిపోయాం.

మీ ఇంట్లోనూ తప్పైందని నోటితో చెప్పలేక, చేతులతో ఏదో ఒకటి బాగుచేసి ఇచ్చిన పెద్దవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళు ఏం బాగుచేశారో కింద రాయండి, చదువుకుంటాను.