ఆ ఓడ చెక్క ఏమైంది?

డెబ్బైల్లో ఒకసారి వరంగల్ నుంచి వచ్చి తెనాలిలో రేపల్లె రైలెక్కాను. పద్దెనిమిదో శతాబ్దపు ఒక ఇంగ్లీషు యుద్ధనౌక గురించి రేపల్లెలో సాయంత్రం నా మహోపన్యాసం. సముద్రం చూసిన పాపాన పోలేదు గానీ, ఆ తెరచాప ఓడ చేసిన యుద్ధాలన్నీ నాకు కంఠతా వచ్చు. పక్కన కూర్చున్న అడవులదీవి ఊరి జాలరి పెద్దాయనకు అడక్కుండానే అన్నీ వినిపించాను.

“చివరికి ఏం చేశారండి దాన్ని?”

“పాతబడితే ఊడదీశారు.”

“మరి దాని చెక్క ఏ ఓడకి వేశారండి? మేం పాత పడవ ఊడదీస్తే ఒక్క చెక్కయినా కొత్తదానికి వేస్తాం బాబూ. లేకపోతే దాని కొలువు అక్కడితో పోయినట్టేగా.”

ఫిరంగుల లెక్కతో సహా తెలిసిన నాకు ఆ సంగతి తెలియదు. రేపల్లె వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూశాను.

సభలో ఉపన్యాసం ముగించి, “ప్రశ్నలుంటే అడగండి” అన్నాను, భయపడుతూనే. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ చదువుకున్నవాళ్లు.