కూలర్ అడుగున మిగిలిన పొర

2023 వేసవి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మొదటి అంతస్తులో నా కంప్యూటర్ రిపేర్ షాపు. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఆ జనవరిలో నా భార్య విజయ చనిపోయింది. జాలి కోసం చెప్పడం లేదు. షాపులో బెంచీ నాది, కౌంటర్ ఆమెది. ఆమె పెట్టిన ఒక పద్ధతి గురించి చెప్పకుండా ఈ కేసు చెప్పలేను.

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్ సీపీయూ. పని పెరిగేకొద్దీ అది వేడెక్కుతుంది. ఆ వేడిని లాగి బయటికి పంపేది దాని మీద బిగించే కూలర్: ఒక లోహపు దిమ్మ, దానికో ఫ్యాన్. కొత్త కూలర్ అడుగున గీతలు పడకుండా సన్నటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. దాన్ని ఒలిచేసి, చిప్ మీద థర్మల్ పేస్ట్ అనే ముద్ద రాసి, అప్పుడు కూలర్ బిగించాలి. పొర ఒలవకపోతే వేడి బయటికి పోదు. పనికి కొత్తవాళ్లు చేసే తప్పు ఇది. షాపు పెట్టిన మొదటి ఏడాది నేనూ చేశాను. అప్పట్నుంచి విజయ ఒక నియమం పెట్టింది. ఒలిచిన పొరను ఆ కంప్యూటర్ జాబ్ కార్డుకు, అంటే కస్టమర్ పేరూ చేసిన పనీ రాసుకునే అట్టకు, అంటించాలి. అది కనబడితే తప్ప ఆమె కంప్యూటర్‌ను కౌంటర్ దాటనిచ్చేది కాదు. "పొర ఏదండీ?" అని చెయ్యి చాపేది.

ఏప్రిల్ చివర్లో యాకోబు వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, మీర్‌పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడు. ఎల్బీనగర్‌లోని ఒక స్టూడియో అతనికి పని ఇచ్చేది.

"రెండరింగ్ పెడితే గంట కాకముందే నెమ్మదైతది సార్. ఫ్యాన్ చప్పుడైతే చెప్పొద్దు. నేను పిండి గిర్ని పెట్టిననుకుంటున్నరట పక్కింటోళ్లు. మా ఇంటామె సునీతను గోధుమలు పట్టిస్తరా అని అడిగిన్రు."

రెండరింగ్ అంటే ముక్కలుగా ఎడిట్ చేసినదాన్ని కలిపి ఒక పూర్తి వీడియోగా తయారు చేయించడం. గంటల తరబడి సీపీయూకు ఊపిరాడని పని అది. చిప్‌తో పాటు వచ్చే చిన్న కూలర్ దానికి చాలదు. పెద్దది వేద్దామన్నాను.

"వెయ్యుండ్రి సార్. ముహూర్తాల నెల. వీడియోలు టైముకు ఇయ్యకపోతే స్టూడియో ఆయన ఆగడు, వేరేటోనికి ఇస్తడు."

మర్నాడు కూలర్ బిగించాను. అయిదు నిమిషాలు ఒక వీడియో ఆడించి చూసి ఇచ్చేశాను. స్ట్రెస్ టెస్ట్, అంటే సీపీయూ మీద పూర్తి భారం పెట్టి గంటసేపు నడిపి చూడడం, చేయలేదు. ఆ రోజుల్లో ఎప్పుడు షాపు మూసి ఇంటికి వెళ్దామా అనిపించేది. ఇంటికి వెళ్లాక ఎందుకొచ్చానా అనిపించేది.

మూడో రోజు ఫోన్ వచ్చింది. అప్పుడు షాపులో ముగ్గురున్నారు. ముగ్గురూ తమ ఆఫీసుల పని నాకు ఇచ్చేవాళ్లే.

"సార్, ఇప్పుడు ఇరవై నిమిషాలకే మొత్తం బంద్ అయితున్నది."

అతని జాబ్ కార్డు తీశాను. దానికి పొర లేదు. ఏం జరిగిందో ఆ క్షణంలోనే తెలిసింది. ఎదురుగా ఉన్న ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు.

"కంప్యూటర్ ఎక్కడ పెట్టారు?" అన్నాను.

"ఉన్నదే ఒక్క రూము సార్. గా మూలకు."

"వంట కూడా అందులోనేనా?"

"అవ్ సార్."

"అదీ సంగతి. తాలింపు పొగ, నూనె ఆవిరి అంతా కూలర్ లాగేసుకుంటుంది. ఎంత మంచిది వేసినా ఏం చేస్తుంది చెప్పండి? పొయ్యి అక్కడినుంచి తీసేయండి. ఓసారి షాపుకు తెస్తే శుభ్రం చేసిస్తాను."

"మంచిగ చెప్పిన్రు సార్. మాకు గీ సంగతే తెల్వది."

షాపుకు తెస్తాడు, శుభ్రం చేస్తున్నట్టు చేసి పొర ఒలిచేస్తాను, ఎవరికీ తెలియదు. అది నా ఆలోచన. అతను తేలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. నంబరు కార్డు మీదే ఉంది. నేను చేయలేదు. ఫోన్ రాలేదంటే బాగానే నడుస్తోందేమో అనుకున్నాను. అలా నడవదని నాకు తెలుసు.

మే చివర్లో అతనే ఫోన్ చేశాడు. "సార్, గీ కంప్యూటర్ సెకండ్ హ్యాండ్ల తీసుకుంటరా?"

"ఏమైంది?"

"స్టూడియో పని పోయింది సార్. నాలుగు పెళ్లిళ్లు టైముకు ఇయ్యలేకపోయిన."

వచ్చి చూస్తానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి యాకోబు లేడు. ఎక్కడో పెళ్లి షూటింగ్‌లో లైట్లు పట్టుకునే పనికి పోయాడు. అతని భార్య సునీత గది బయట, ఒక రేకు కింద వంట చేస్తోంది. ఆ రేకు నీడ పొయ్యికే చాలడం లేదు. ఆమె ఎండలో కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"మీరు చెప్పినకాడి నుంచి పొయ్యి ఈడ్నే సార్. అయినా ఆగుడు ఆగలే. షాపుల ఇడిస్తే ఉన్న పని గూడ ఆగుతదని తేలే. మొదటి జిడ్డే లోపలికి పోయి పట్టుకున్నదంటడు. నీ తాలింపే నా పనిని తిన్నదంటడు. చేపల కూర వండుడే బంద్ చేసిన."

లోపలికి వెళ్లి కూలర్ విప్పాను. పొర అలాగే ఉంది, దాని మీద పేస్ట్ అంటుకుని. 'తీసేసి వాడండి' అనే ఇంగ్లిష్ అక్షరాలు కూడా చెదరలేదు. సునీత బయట కూర కలుపుతోంది. పొరను మడిచి జేబులో పెట్టుకున్నాను. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కొత్త పేస్ట్ రాసి బిగించి, స్ట్రెస్ టెస్ట్ పెట్టాను. గంటసేపు ఆగలేదు, వేడి పెరగలేదు. ఆ గంటలో ఆమె పళ్లెంలో అన్నం, వంకాయ కూర పెట్టి తెచ్చింది.

"తినుండ్రి సార్. ఎండల పడి వచ్చిన్రు. లోపల శాన జిడ్డున్నదా?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. తప్పు ఎంతో తేల్చుకోవాలన్నట్టు నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"జిడ్డేం లేదమ్మా," అన్నాను. జేబులోంచి పొర తీసి చూపించాను. అది ఏమిటో, ఎవరు మరిచిపోయారో చెప్పాను.

"అంటే నా పొయ్యి కాదు."

"కాదమ్మా."

"ఫోన్ల పొయ్యి అన్ననాడు మీకు గీ సంగతి ఎర్కనా?"

"తెలుసు."

ఆమె పళ్లెం కింద పెట్టింది. తిట్టలేదు. ఫోన్ తీసి యాకోబుకు కలిపి నా చేతికిచ్చింది. "నేను చెప్తే నమ్మడు. నువ్వే చెప్పు."

అవతల బ్యాండు మోగుతోంది. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి గట్టిగా అరిచి చెప్పాను, పక్క గదులవాళ్లు తలుపుల్లోకి వచ్చి చూశారు. యాకోబు బ్యాండుకు దూరంగా నడిచినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"పని పోతే ఇంకోటి చూసుకుంట సార్," అన్నాడు. "నెల దినాలు సునీతను అన్న మాటలున్నయి గదా. గవి ఏం చెయ్యాలె?"

ఫోన్ ఆమెకు ఇచ్చేసి వచ్చేశాను. మర్నాడు ఎల్బీనగర్ వెళ్లి స్టూడియో ఆయనకు తప్పు నాదని చెప్పాను. విన్నాడు. వేరే ఎడిటర్‌తో మాటైపోయిందన్నాడు.

పొర మరిచిపోవడానికి కారణం దుఃఖమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కావచ్చు. కానీ ఫోన్‌లో మాట్లాడినప్పుడు నా బుద్ధి సరిగ్గానే పనిచేసింది. కార్డు చూశాను, తెలిసింది, ముగ్గురి ముందు మాట పడకూడదని ఎప్పుడూ చూడని ఒక మనిషి మీదికి తోసేశాను. ఆ అబద్ధంలో విజయకు గానీ, ఆమె లేకపోవడానికి గానీ భాగం లేదు.

మా పనిలో కస్టమర్‌కు లోపలేముందో కనబడదు. మేం చెప్పిందే నమ్మి పొయ్యి బయటపెట్టుకుంటారు, ఇంట్లోవాళ్లను అనుమానిస్తారు. అందుకే ఇప్పుడు ఎవరైనా మళ్లీ ఆగిపోయిందని ఫోన్ చేస్తే ముందు నా పనిలో ఎక్కడ తప్పు జరిగి ఉంటుందో చూస్తాను. తప్పు కనబడితే, షాపులో ఎవరున్నా, నాదేనని అప్పుడే చెబుతాను.

యాకోబు మళ్లీ నా షాపుకు రాలేదు. రావాలని నేను కోరుకోవడం కూడా న్యాయం కాదు.