నందవరంలో వాన పడలేదన్నాను

నా మొగుడికి రేడియో పిచ్చి అనేవాళ్ళు ఎమ్మిగనూరులో. పిచ్చివాళ్ళకు జాలైనా ఉంటుంది. ఆయనకు అదీ లేదు.

బడిలో సైన్సు చెప్పేవాడు. ఆ ఏడు రష్యావాళ్ళు ఆకాశంలోకి వదిలిన గుండు భూమి చుట్టూ తిరుగుతూ కూత వేస్తోందని పేపర్లో వచ్చింది. మబ్బుకూ వానకూ ఆ కూత ఎంత తగ్గుతుందో తేల్చాలని పట్టుబట్టాడు. ఇంట్లో బ్యాటరీ రేడియో, మిద్దె మీద వెదురుగడకు కట్టిన తీగ. ఇంకో తీగ పెరట్లో పాతాడు. అక్కడ నేల ఎండితే గరగర ఎక్కువవుతుందని గుంత నిండా నీళ్ళు పోయించేవాడు. మోసేది నేను. గుండు వచ్చే వేళకు గడను అది పోయే దిక్కుకు వంచేదీ నేనే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎవరొచ్చినా, మంచినీళ్ళు ఇవ్వకముందే నిన్న మీ ఊళ్ళో వాన పడిందా, ఏ వేళకు పడింది అని అడిగేవాడు. ఆ జవాబులతోనే ఆయన లెక్క నడిచేది.

ఒక మధ్యాహ్నం నందవరం నుంచి మా అన్న వచ్చాడు. అమ్మకు జ్వరం ముదిరింది.

"నిన్నే అడుగుతాంది. మాట పడిపోకముందే సూద్దువు, పా" అన్నాడు.

నేను చీర మార్చుకుని వచ్చాను. ఆయన రేడియో ముందు నుంచి లేవలేదు.

"రేపు పొద్దున బస్సుకు పంపిస్తాలే బావా. సాయంత్రం ఆ గుండు మళ్ళా వస్తాది. గడ పట్టేదానికి ఈడ ఇంగెవరుండారు?"

అన్న బతిమాలాడు.

"ఒక్క పూటలో ముసలామె యాడికి పోతాది" అన్నాడాయన.

అన్న ఒక్కడే తిరిగిపోయాడు.

సాయంత్రం మిద్దెక్కి గడ పట్టుకున్నాను. నందవరం దిక్కున ఆకాశం నల్లబడి ఉంది. చేతులు పీకుతున్నాయి, ఏడుపు ఆగడంలేదు. కింద కూత వినిపించి, మధ్యలోనే సన్నగిల్లి ఆగిపోయింది. గడ కదిలించానని కింది నుంచే తిట్టాడు.

పొద్దున బస్సు దిగేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టి నాకోసం ఆగి ఉన్నారు. ముందురోజు సాయంత్రం పెద్ద వానట. మిద్దె కారుతుంటే మంచాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూనే ఉన్నారట. ఆ వానలోనే నన్ను పిలుస్తూ పిలుస్తూ పోయింది.

ఆయన కర్మకు కూడా రాలేదు. అన్నీ అయ్యాక నేను తిరిగొచ్చి గడపలో కాలు పెట్టగానే అడిగాడు.

"ఆ పొద్దు సాయంత్రం ఆడ వాన పడినాదా?"

అమ్మ ఎట్లా పోయిందని అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క చుక్క గూడా పల్లేదు" అన్నాను.

ఇంకెవరినీ అడగలేదు. పెళ్ళాం తనకు అబద్ధం చెప్పగలదని ఆయన కలలో కూడా అనుకోడు. వాన లేకుండానే ఆ సాయంత్రం కూత ఆగిపోయిందంటే లోపం రేడియోదే అనుకుని ఆ పెట్టెను విప్పాడు. బాగున్నవాటినే ఊడబీకి, అతికించి, మళ్ళీ ఊడబీకాడు. అది ఇక పలకలేదు. ఆదోనిలో బాగుచేసేవాడు కూడా చూసి చేతులెత్తేశాడు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. నాకు హాయిగా ఉండింది.

విప్పుతున్నంతసేపూ పక్కన దీపం పట్టుకుని నిలబడింది నేనే. ఆ రోజు చేతులు పీకలేదు.