గురువారం అని రాసుకున్న వాయిదా

తెనాలిలో ఒక సీనియర్ లాయరుగారి దగ్గర నేను జూనియర్‌గా చేరిన రెండో ఏడు రేపల్లె నుంచి ఒక దర్జీ మా ఆఫీసుకి వచ్చారు. ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయనకి చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మిషను మీద కుట్టి కూతుర్ని పెంచారు. ఆ అమ్మాయి పెళ్ళికి తెనాలిలో మేడమీదున్న ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నారు, లిఫ్టు ఉందన్నారని. తీరా పెళ్ళిరోజున అది వంటసామానుకేనంటూ హాలువాళ్ళు తాళం తియ్యలేదు. బంధువులు ఎత్తుకెళ్తామన్నా ఆయన ఒప్పుకోలేదు. కింద స్కూటర్ల మధ్య కూర్చుని కూతురి నికా మైకులో విన్నారు.

“నాకు డబ్బులొద్దమ్మా. నాలాంటోడు పైకెళ్ళే దారి పెట్టమనండి, చాలు” అన్నారు.

కేసు వేశాం. జవాబు దాఖలు చెయ్యడానికి హాలువాళ్ళు నాలుగుసార్లు గడువడిగారు. నాలుగుసార్లూ ఇచ్చారు. తర్వాత బాబాయ్ సాక్ష్యం మేము అఫిడవిట్‌గా వెయ్యాలి. సీనియర్‌గారికి వేరే కోర్టులో పనుండి రెండు వాయిదాలు దాటిపోయాయి. ఇదే ఆఖరి అవకాశమని జడ్జిగారు మంగళవారానికి వేశారు. నేను డైరీలో గురువారం కింద రాసుకున్నాను. బాబాయ్‌కీ అదే చెప్పాను.

గురువారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని రేపల్లె పాసింజర్‌లో వచ్చి కోర్టు మెట్ల దగ్గర కూర్చున్నారు. నేను పైకి వెళ్ళాను.

“మొన్నే కొట్టేశారు కదమ్మా. మీ తరపున ఎవరూ రాలేదు” అన్నాడు బెంచి క్లర్కు.

కిందికి దిగి బాబాయ్ దగ్గరికి వెళ్ళాను.

“ఏంటమ్మా, ఏమన్నారు?”

“వాయిదా పడింది బాబాయ్.”

“సరేలే. నువ్వేమన్నా తిన్నావా?”

ముప్పై రోజుల్లో పిటిషన్ వేస్తే కేసు మళ్ళీ తెరుస్తారు, వెళ్ళి బాబాయ్ సంతకం తెమ్మని సీనియర్‌గారు కోప్పడ్డారు. రోజూ బాపట్లలో మా ఇంటికి చేరాక, రేపు వెళ్దాం అనుకునేదాన్ని. ఒక ఆదివారం రేపల్లె వెళ్ళాను కూడా. కొట్లో తలవంచుకుని కుడుతున్న ఆయన్ని రోడ్డవతల నుంచి చూసి, స్టేషన్‌కి తిరిగి వచ్చేశాను. చివరికి చెప్పేసరికి అయిదు వారాలైంది.

ఆయన మిషను ఆపారు.

“అంటే, ఆరోజే తెలుసా నీకు?”

“తెలుసు బాబాయ్.”

మళ్ళీ మిషను తిప్పడం మొదలుపెట్టారు.

ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ వెయ్యొచ్చు. కక్షిదారుకి జబ్బు చేసిందని సీనియర్‌గారు రాయించారు. బాబాయ్ అది మొత్తం చదివి కాగితం పక్కన పెట్టారు.

“నాకు జబ్బేం చెయ్యలేదు కదమ్మా. ఒట్టేసి అబద్ధమెందుకు? జరిగింది రాయి, పెడతా సంతకం.”

జరిగింది రాయాలంటే ప్రమాణం చెయ్యాల్సింది నేను. మన ఆఫీసు పేరు పోతుందన్నారు సీనియర్‌గారు. ఆ మాట నాకు సాకుగా దొరికింది. రాయలేదు. కేసు అక్కడితో అయిపోయింది.

కాగితాలు తిరిగివ్వడానికి వెళ్తే ఆయన తిట్టలేదు. “ఇంకెవరికీ ఇలా చెయ్యకమ్మా” అన్నారు, అంతే. తలూపాను.

మరుసటి ఏడు బాపట్ల కోర్టుకి మారిపోయాను. రేపల్లెలో పని తగిలితే ఇంకెవరినైనా పంపేదాన్ని. ఆయన పోయారని కొన్నేళ్ళకి తెలిసింది. అప్పుడైనా వెళ్ళి ఆయన కూతుర్ని పలకరించాల్సింది. వెళ్ళలేదు.