ఎడమవైపు హెడ్‌లైట్

మా తాతగారి కారు కంకిపాడు వీధుల్లో మళ్ళీ ఒక్కసారైనా తిరగాలని నా కోరిక. ఇంజను, సీట్లు, రంగు పూర్తయ్యేసరికి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా అయిపోయింది. ఎడమవైపు హెడ్‌లైట్ ఒక్కటే మిగిలింది. నకిలీది బిగిద్దామని మెకానిక్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అసలుది భవానీపురంలో పాత సామాన్లు అమ్మే ఒక ముసలాయన దగ్గర ఉందని తెలిసి వెళ్ళాను.

ఆయన చెప్పిన ధరకు కొత్త మోటార్‌సైకిల్ వస్తుంది.

"ఈ మోడల్‌వి ఇక దొరకవండీ," అన్నాడు.

తిప్పి చూస్తే అంచు మీద సొట్ట కనిపించింది. చిన్నప్పుడు నా సైకిల్ గుద్దుకుని పడిన సొట్ట అది.

"ఇది మీకెలా వచ్చింది?"

"కంకిపాడులో ఒక పెద్దాయన ఇచ్చారండీ. కొంటానంటే కోప్పడ్డారు. మా ఇంట్లో వస్తువులు అమ్మం, కావాలంటే పట్టుకుపో అన్నారు."

కారు మూలపడ్డాక అడిగినవాళ్ళందరికీ మా నాన్నగారు దాని భాగాలు అలాగే ఊరికే ఇచ్చేశారు.

"ఆయన మా నాన్నగారు," అన్నాను.

ముసలాయన లేచి నిలబడ్డాడు. "అయ్యో, ముందే చెప్పొద్దా బాబుగారూ! మీ సామాను మీకే అమ్ముతానా? తీసుకెళ్ళండి."

ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోవడం మా ఇంట్లో లేదు. బేరమాడడమూ లేదు. అడిగినంత ఇచ్చే స్తోమత నాకు లేదు. దీపాన్ని గుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

కారు ఇంకా షెడ్డులోనే ఉంది. ఎలుకలు దూరకుండా ఆ ఖాళీకి స్టీలు పళ్ళెం అడ్డం పెట్టాను.