ఆశీర్వాదం ఆపిన ఆదివారం

కిందటి వారం గోదావరిఖని నుంచి మా మేనత్త సుగుణమ్మ ఫోన్ చేసింది. జనం రావడం లేదని వాళ్ల చర్చిని పెద్దపల్లి చర్చిలో కలిపేస్తారట, ఈ ఆదివారమే ఆఖరి ఆరాధనట. నేను బాప్తిస్మం తీసుకున్న చర్చి అది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం తెల్లవారకముందే కాజీపేటలో రైలెక్కాను. హనుమకొండ వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఇదే సుళువైన దారి, జనరల్ టికెట్ చాలు. రామగుండంలో దిగితే స్టేషన్ బయటే షేర్ ఆటోలుంటాయి. తెలంగాణ బంద్ ఉందేమో ముందే కనుక్కోండి, ఉంటే రైలు దిగినా ఆటో ఉండదు.

చర్చి పేరు చెప్పగానే ఆటో అన్న నవ్వాడు. ఇప్పుడందరూ కీబోర్డులున్న కొత్త ప్రార్థన మందిరాలకే పోతున్నారన్నాడు. అబద్ధమేం కాదు. కొందరు అటు వెళ్లారు, కొందరు గనుల్లో రిటైరై కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేశారు. అయినా మా చర్చిని చూసి నవ్వడానికి ఈయనెవరు?

పది గంటల ఆరాధనలో ముందు వరస బెంచీలు మాత్రమే నిండాయి, అన్నీ ముసలి ప్రాణాలు. పెద్దపల్లి నుంచి వచ్చిన కుర్ర పాస్టరుగారు వాక్యం చెప్పి, ఖాళీ బెంచీల వైపు ఓసారి చూసి, ఆశీర్వాదం కోసం చేతులెత్తారు. ఆశీర్వాదం చెప్పేదాకా మా చర్చిలో ఆరాధన అయినట్టు కాదు, ఎవరూ గడప దాటరు. సరిగ్గా అప్పుడే అత్త లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆశీర్వాదం ఇప్పుడే చెప్పకుండ్రి. ఇయ్యాల ప్లేడే. మావోళ్లు బాయిల ఉన్నరు."

బాయి అంటే బొగ్గుగని. ప్లేడే అంటే ఆదివారం సెలవు. ఆ రోజు డ్యూటీ చేస్తే రెట్టింపు జీతం, దొరికితే ఎవరూ వదులుకోరు. మొదటి షిఫ్టు దిగేది మధ్యాహ్నం మూడుకు. అప్పటిదాకా ఎలాగమ్మా, బస్సు పోతుందని పాస్టరుగారు నసిగారు. బస్సులు రాత్రిదాకా ఉన్నాయంది అత్త. ఆయన ఎత్తిన చేతులు మెల్లగా దించారు.

గొంతులు పోయేదాకా పాటలు పాడాం. పొద్దున్నే అత్త అంత పెద్ద గిన్నెడు పులిహోర ఎందుకు మోసుకొచ్చిందో అప్పుడర్థమైంది. చర్చిలోనే కూర్చుని తిన్నాం. పాస్టరుగారు మారు వడ్డించుకున్నారు కూడా.

మూడు దాటాక బయట సైకిళ్లు, మోటారు సైకిళ్లు ఆగాయి. డ్యూటీ బట్టల మీదే వచ్చేశారు. మసి అంటుతుందని కొందరు నేల మీద కూర్చోబోతే అత్త ఊరుకోలేదు, బెంచీల మీదే కూర్చోబెట్టింది. నిజం చెప్పాలి, చర్చి నిండలేదు. సగమైంది. ఆ సగం మంది పాడితేనే కిటికీలు అదిరిపోయాయి.

చూసింది చూసినట్టు, చర్చిని కలిపేయాలన్న కమిటీకి చెబుతాను గానీ మాటివ్వలేనన్నారు పాస్టరుగారు.

"చెప్పుండ్రి. వాళ్లు కలిపినా కలపకున్నా, వచ్చే ఆదివారం మూడింటికి మేం ఈడనే ఉంటం" అంది అత్త. ఆ తర్వాతే ఆశీర్వాదం చెప్పనిచ్చింది.

మా చర్చి చిన్నదైపోతోంది, ఒప్పుకుంటాను. మా మనుషులు భూమి కింద ఉన్న వేళ తలలు లెక్కపెట్టి, ఇక్కడెవరూ లేరంటే మాత్రం ఒప్పుకోను. మీరూ వెళ్లేటట్టయితే ఆదివారం మూడు దాటాకే వెళ్లండి. చర్చికి కదా అని తెల్లచీర మాత్రం కట్టుకోకండి, బెంచీలకు బొగ్గుంటుంది.